మేనత్త పౌరోహిత్యం

పోయినవారం పెద్దపంతులుగారిని మనం ఆయన సొంత ఇంటి హాల్లో, నోట మాట రాని స్థితిలో వదిలేసి వచ్చాం. ముప్ఫై తొమ్మిదేళ్లుగా ఎన్ని జంటలకు ముడి వేయించాడో ఆయనకే లెక్క తెలియదు. అలాంటి మనిషి ముందు ఒక్కగానొక్క కూతురు చేతులు కట్టుకుని నిలబడి, "నా పెళ్ళి అత్త చేయించాలి నాన్నా" అనేసింది. ఆయన పెళ్ళికూతురి తండ్రి, పీటల మీద కూర్చోవాల్సినవాడు కనక, మంత్రం చెప్పడానికి వేరే మనిషి కావాలి. ఆ పనికి తన శిష్యుణ్ణి ఎప్పుడో మాట్లాడి ఉంచాడు. ఆ సంగతి కూతురికి తెలుసు. తెలిసే అంది.

అత్త అంటే పంతులుగారి చెల్లెలు. ప్రసూతి ఆస్పత్రిలో పాతికేళ్లు నర్సుగా చేసింది. తొమ్మిదేళ్ల కిందట భర్త పోయాడు. తర్వాత కొంతకాలానికి ఉద్యోగం మానేసి, రెండేళ్లుగా పెళ్ళిళ్ళు చేయిస్తోంది. ఊరికే చేయించడం కాదు, ప్రతి మంత్రానికీ అర్థం విడమరిచి చెప్పి మరీ చేయిస్తోంది. ఆదివారం పదింటికి వస్తానని ఫోన్ చేసింది.

ఇవాళ ఆదివారం.

పంతులుగారు పొద్దున్నే లేచి, తలంటుకుని, ఇస్త్రీ పంచె కట్టుకుని, అల్మరాలోంచి నాలుగు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. చదవడానికి కాదు. చెల్లెలు వచ్చేసరికి అవి అక్కడ కనబడాలని. ఒకసారి నిలువుగా పేర్చాడు, బాగా లేదనిపించి, ఒకటి తెరిచి బోర్లించాడు.

"పరీక్షకి వెళ్తున్నట్టున్నారే" అంది భార్య, కాఫీ కప్పులు తుడుస్తూ.

"పరీక్ష నాకు కాదు" అన్నాడాయన.

ఆవిడ తుడుస్తున్న కప్పులు చూసి ఆయనకి కాలింది. నీలం అంచు కప్పులు. పెళ్ళయిన కొత్తలో కొన్నవి. ఆయన శిష్యులొచ్చినా, ఆయన స్నేహితులొచ్చినా ఏనాడూ బయటికి రానివి.

"అవెందుకిప్పుడు?"

"కాఫీ తాగడానికి."

ఇలాంటి చిన్నచిన్న విషయాలే ఆయన్ని నెలరోజులుగా నమిలేస్తున్నాయి. అసలు మొదలైంది ఎక్కడంటే, తెలిసినవాళ్ళ అబ్బాయి పెళ్ళికి పిలుపొస్తే వెళ్ళి, చివరి వరసలో కూర్చున్నప్పుడు. చేయిస్తున్నది చెల్లెలని వెళ్ళేదాకా తెలియదు. తెలిశాక లేచి వచ్చేయొచ్చు. రాలేదు. రెండున్నర గంటలు కుర్చీకి అతుక్కుపోయి చూశాడు.

ఆయన చేయించే పెళ్ళిళ్ళలో ఏడడుగుల వేళకి సగం హాలు భోజనాల దగ్గరుంటుంది. మిగతా సగం ఫోన్లలో ఉంటుంది. ఫొటోలవాడు భుజం మీద చెయ్యేసి, "పంతులుగారూ, కాస్త పక్కకి జరగండి, పెళ్ళికూతురు మొహం పడట్లేదు" అంటాడు. జరిగేవాడు. ముప్ఫై తొమ్మిదేళ్లుగా జరుగుతూనే ఉన్నాడు. అక్కడ మాత్రం ఏడడుగుల వేళకి జనం కుర్చీలు ముందుకు లాక్కున్నారు. ఒక ముసలాయన చెవి వెనక అరచెయ్యి ఆనించుకున్నాడు. చెల్లెలు చెయ్యెత్తితే ఆ ఫొటోలవాడే వెనక్కి జరిగాడు! ఆ రోజు పంతులుగారు భోజనం చెయ్యకుండా ఇంటికొచ్చి, కడుపులో మంటగా ఉందని చెప్పి పడుకున్నాడు. భార్య మజ్జిగ ఇచ్చింది. మజ్జిగతో తగ్గే మంటా అది!

పదింటికి ఐదు నిమిషాలుందనగా కిందనుంచి చెల్లెలి కేక వినబడింది. కూతురు మూడంతస్తులూ దడదడమని దిగి, అత్త చేతిలో సంచీ లాక్కుని, ఆవిడ నడుం చుట్టూ చెయ్యేసి పైకి తీసుకొచ్చింది. పెళ్ళికొడుకు అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. నిదానస్తుడు. ఏదైనా సరే విప్పి చూస్తే తప్ప నమ్మడు.

"బావున్నావా అన్నయ్యా?" అంది చెల్లెలు చెప్పులు విడుస్తూ.

"ఆఁ. రా."

ఆవిడ చూపు బల్ల మీద పుస్తకాల మీద పడింది. ఒక్క క్షణం ఆగింది. ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం కూడా ఆయనకి నచ్చలేదు.

కాఫీలయ్యాయి. చెల్లెలు కళ్ళజోడు పెట్టుకుని సంచీలోంచి రెండు కాగితాలు తీసి పిల్లలిద్దరికీ చెరొకటి ఇచ్చింది. సామాన్ల జాబితా అనుకుని పంతులుగారు మెడ సాచాడు. కాదు. పెళ్ళిలో జరిగే తంతులన్నీ వరసగా రాసి ఉన్నాయి, పక్కన ఖాళీ వదిలి.

"ఇందులో ఎందుకు చేస్తారో మీకు తెలియనివాటి కింద గీత గియ్యండి" అంది.

ఇద్దరూ పెన్నులు పట్టుకుని వంగారు. కాసేపటికి చూస్తే గీత లేని లైను లేదు.

పెళ్ళికొడుకు నవ్వేశాడు. "అన్నీ చూశానండీ చిన్నప్పటినుంచి. ఒక్కటీ తెలియదు. జీలకర్ర బెల్లం ఎందుకు పెడతారండీ అసలు? తల జిడ్డవడం తప్ప..."

"కలిపి నూరాక ఏది జీలకర్రో ఏది బెల్లమో విడదియ్యలేం, అలా ఉండమని... ఇది పెద్దవాళ్ళు చెప్పే మాట" అంది చెల్లెలు. "మంత్రంలో ఉన్నది వేరు. తెర తీసి ఒకళ్ళనొకళ్ళు చూసుకునేటప్పుడు వరుడు అడిగేది ఒక్కటే. కోపం లేని కళ్ళతో నన్ను చూడమని. మా ఆస్పత్రిలో పాతికేళ్లు చూశాను నేను. కొట్టుకునేవాళ్ళు చాలా తక్కువ. చూపుతోనే చంపుకునేవాళ్ళు చాలామంది. అందుకే నేనది ఇద్దరిచేతా అనిపిస్తాను."

"ఇద్దరిచేతానా?" అన్నాడు పంతులుగారు. "ఎక్కడుందలా?"

"లేదన్నయ్యా. లేదని చెప్పే అనిపిస్తాను. ఇష్టమైతేనే."

లేదని ఒప్పేసుకుంది! ఇంక దేని మీద కాలు దువ్వాలి? పంతులుగారు తెరిచి బోర్లించిన పుస్తకాన్ని మూశాడు.

కూతురు కాగితం మీద ఒకచోట రెండు గీతలు గీసింది. చెవుల పరీక్షలు చేసే క్లినిక్కులో పని ఆ పిల్లకి. ఎదుటివాళ్ళు మాట పూర్తిచేసేదాకా ఆగి, అప్పుడు సూటిగా అడగడం అలవాటు.

"కన్యాదానం దగ్గర ఆగిపోయాను అత్తా. నేనేమన్నా గొడుగునా, చెంబునా దానం ఇవ్వడానికి?"

పంతులుగారు కుర్చీలో ముందుకు జరిగాడు. "నిన్ను దానం ఇవ్వడం నాకేమన్నా సరదానా అమ్మడూ?"

"నిన్నననలేదు నాన్నా. ఆ మాట గురించి అడుగుతున్నా."

"నీకు కోపం రావడం న్యాయమే" అంది మేనత్త. "ఆ మాటని పట్టుకుని ఆడపిల్లల్ని వస్తువుల్లాగే చూసినవాళ్ళున్నారు. నేను దానికి పూత పూసి చెప్పను. కానీ దాని వెంటనే ఒకటుంది చూడు. ఆ తండ్రి ఊరికే ఇచ్చేసి చేతులు దులుపుకోడు. అల్లుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి మాట తీసుకుంటాడు. ధర్మంలో గానీ, సంపాదనలో గానీ, కోరికలో గానీ ఈ పిల్లని దాటి పోనని. నాతిచరామి అంటే అదే. పోను, పోను, పోను అని మూడుసార్లు. పదిమంది ముందు. దానం అన్న మాట వద్దనుకుంటే, అప్పగింత అనుకోండి. అదీ వద్దంటే మానేద్దాం. కానీ ఆ మాట తీసుకోవడం మాత్రం మానకండి. అంతకన్నా ఇవాళ పనికొచ్చేది ఏముంది?"

పెళ్ళికొడుకు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. కూతురు మాత్రం తండ్రి వైపు తిరిగింది. ఆ కళ్ళలో వెటకారం లేదు, నిజంగానే ఆశ్చర్యం ఉంది.

"నాన్నా, ఇన్నేళ్లుగా ఆ మాట అందరిచేతా అనిపిస్తున్నావు కదా. నాకెప్పుడూ చెప్పలేదేం?"

ఆ మాటకి అర్థం ఆయనకి తెలుసు. తెలిసీ ఏనాడూ చెప్పాలనిపించలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి. పెళ్ళికూతురు నిద్రమొహంతో, పెళ్ళికొడుకు చెమటతో, ముహూర్తం దాటిపోతోందని వెనకనించి ఎవరో తరుముతూ... అందులో అర్థాలెక్కడ?

పెళ్ళికొడుకు పరిస్థితి గమనించినట్టున్నాడు. పెద్దాయనకి మర్యాద ఇద్దామని, పాపం మంచి మనసుతోనే, ఇటు తిరిగాడు.

"ఏడడుగుల గురించి మీరు చెప్పండి మావయ్యగారూ. ఒక్కో అడుగుకీ ఒక్కో కారణం ఉంటుందటగా?"

"ఉంటుంది బాబూ." పంతులుగారు గొంతు సవరించుకున్నాడు. ఇన్నాళ్ళకి తన వంతు వచ్చింది. "మొదటి అడుగు అన్నం కోసం. రెండోది బలం కోసం. మూడోది వ్రతం కోసం, అంటే మంచి పనులన్నమాట. నాలుగోది..."

మంత్రం నాలుక మీదే ఉంది. అక్షరం పొల్లుపోకుండా, స్వరంతో సహా. నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. కానీ ఆ పదానికి అర్థం? ఎప్పుడో విన్నట్టే ఉంది. అడుగున ఎక్కడో ఉంది, చేతికి తగలట్లేదు.

"నాలుగోది... అంటే, అన్నీ శుభం కోసమే బాబూ."

"నాలుగోది శుభమా అండీ?"

అప్పుడు పక్కనుంచి చెల్లెలు, పెదవులు కదిలీ కదలనట్టుగా, ఆయనొక్కడికే వినబడేంత మెల్లిగా, "సుఖం" అని అందించింది.

ఆవిడ ఉద్దేశం ఆదుకుందామనే. కానీ ఆ గుసగుస చెవిన పడగానే పంతులుగారికి ఒళ్ళంతా జివ్వుమంది. ఎక్కడో విన్న గుసగుస అది. ఎక్కడని ఆలోచించే ఓపిక లేదు. నెలరోజుల మంట ఒక్కసారి గొంతులోకి ఎగదన్నింది.

"నాకు అందిస్తున్నావా నువ్వు? నాకు?"

"అన్నయ్యా..."

"అంత వచ్చినదానివైతే చెప్పు. నాలుగో అడుగు మంత్రం, స్వరంతో చెప్పు. వీళ్ళందరి ముందూ చెప్పు. ఎక్కడ జారుతావో నేనూ చూస్తా."

"ఇప్పుడెందుకండీ..." అంది భార్య.

"నువ్వుండు!"

చెల్లెలు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు మూసుకుని చెప్పింది. నాలుగోది ఒక్కటే కాదు, ఒకటినుంచి ఏడు దాకా. ఎక్కడా జారలేదు. పైగా నాలుగో అడుగు దగ్గర, పదానికీ పదానికీ మధ్య ఒక చిన్న విరామం ఇచ్చింది. ఆ విరామం వాళ్ళ నాన్నది. ఆయనొక్కడిదే. ఎంత ప్రయత్నించినా పంతులుగారి గొంతుకి ఏనాడూ పట్టుబడనిది.

వినేవాళ్ళు ముగ్గురికీ ఆ విరామం సంగతి తెలియదు. విన్నది బాగుందని మాత్రం తెలిసింది. పెళ్ళికొడుకు తెలియకుండానే చేతులు జోడించాడు. అది చూశాక పంతులుగారికి ఇంక పట్టు చిక్కలేదు.

"దొంగతనం" అన్నాడు. "నాన్న నాకు నేర్పాడు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, పన్నెండేళ్లు నాకు నేర్పాడు. నువ్వు తలుపు చాటున నక్కి దొంగిలించావు."

"నక్కలేదన్నయ్యా. నాన్నే కూర్చోబెట్టాడు."

"అబద్ధం."

"నువ్వు వల్లె వేసి ఆడుకోవడానికి వెళ్ళిపోయేవాడివి. నేను చాప మడత పెడుతూ, అంటే ఏంటి నాన్నా అని అడిగేదాన్ని. చెప్పేవాడు. అంతే జరిగింది. నువ్వు ఎప్పుడూ అడగలేదు, నేను అడిగాను. అడిగినదానికి చెప్పాడు." ఆవిడ కాసేపు తటపటాయించింది. "నీ మొదటి పెళ్ళి గుర్తుందా? నువ్వు మొదటిసారి చేయించింది?"

గుర్తుండకపోవడమేం! ఆ కథ ఆయన శిష్యులందరికీ కంఠతా వచ్చు. పంతొమ్మిదో ఏట, నాన్నకి గొంతు పోయి గుసగుస తప్ప రాని రోజుల్లో, ఒప్పుకున్న పెళ్ళి తప్పించుకోలేక కొడుకుని పంపాడు. వేదిక వెనక గుడ్డ అవతల తాను కూర్చుంటానన్నాడు. ఏడడుగుల దగ్గర, సరిగ్గా నాలుగో అడుగులో, కుర్రపంతులుకి మెదడు తెల్లకాగితం అయిపోయింది. అప్పుడు గుడ్డ అవతలనుంచి గుసగుసగా మాట అందింది. ఆ మాట పట్టుకుని ఒడ్డున పడ్డాడు. కుర్రాడు తండ్రికి తగ్గవాడని ఆ రోజే పేరొచ్చింది. ఆ పేరు మీదే ముప్ఫై తొమ్మిదేళ్లు నడిచాయి. 'వెనక నాన్న ఉన్నాడు' అని చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆయన కళ్ళు చెమరుస్తాయి.

"నాన్నకి దగ్గు తెరలు తెరలుగా వస్తుంటే, అందరికీ వినబడుతుందని బయటికి వెళ్ళిపోయాడు" అంది చెల్లెలు. "వెళ్తూ నన్ను అక్కడ కూర్చోబెట్టాడు. పెద్దాడు నాలుగో అడుగు దగ్గర తడబడతాడు పిచుకా, నువ్వు అందించు అని. నాకప్పుడు పదమూడేళ్లు. గుసగుసకి ఆడా మగా ఏముంది? నువ్వు నాన్నే అనుకున్నావు. సంతోషపడ్డావు. ఎందుకు చెప్పాలని నేనూ ఊరుకున్నాను."

ఇందాకటి గుసగుస అంతకుముందు ఎక్కడ విన్నాడో పంతులుగారికి ఇప్పుడు తెలిసింది. అబద్ధమని మళ్ళీ అందామనుకున్నాడు. ఉన్న ఒక్క నాన్ననీ ఈవిడే పట్టుకుపోయినట్టయింది. పిచుకా అని పిలిచేవాడట! తనని ఎప్పుడూ పెద్దాడు తప్ప ముద్దుపేరుతో పిలవలేదు. యాభై ఎనిమిదేళ్ల మనిషికి, పోయిన తండ్రి ఎవరిని ఎక్కువ ముద్దు చేశాడన్న దాని మీద కళ్ళు మండాయి. సిగ్గేసింది. సిగ్గు వేసిన మనిషి ఊరుకోవాలి. ఆయన ఊరుకోలేకపోయాడు.

"ఎంత నేర్చుకుంటే ఏముందే? మొగుడు పోయినదానివి. నా కూతురి మంగళసూత్రం నీ చేతులమీదుగా వెళ్ళడానికి వీల్లేదు."

అనేశాక, ఆ మాట ఇంకెవరో అన్నట్టుగా ఆయనకే వినబడింది.

భార్య చేతిలో నీలం అంచు కప్పు ఉంది. దాన్ని చాలా జాగ్రత్తగా, చప్పుడు కాకుండా, బల్ల మీద పెట్టింది. పెళ్ళికొడుకు తల దించుకుని నేల చూస్తున్నాడు. చెల్లెలు ఏడవలేదు. కాగితాలు రెండూ కలిపి, మడిచి, సంచీలో పెట్టుకుంది. కళ్ళజోడు పెట్టెలో పెట్టింది. "సరే అన్నయ్యా. వస్తాను వదినా" అని లేచి, చెప్పులేసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

"నాన్నా." కూతురు తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది. "అత్త వద్దంటే నీ శిష్యుడూ వద్దు. ఆఫీసుకెళ్ళి సంతకాలు పెట్టుకుంటాం. నిన్ను బాధపెట్టాలని కాదు. ఈ మాట విన్నాక ఆ పీటల మీద నేను కూర్చోలేను."

"శాస్త్రం ఒప్పుకోదమ్మా..."

"శాస్త్రం మాట్లాడలేదు ఇందాక" అంది భార్య. ఆవిడ గొంతు పెంచలేదు. "ముప్ఫై రెండేళ్లుగా చూస్తున్నాను మిమ్మల్ని. మాట్లాడింది ఏంటో నాకు తెలుసు, మీకూ తెలుసు. ఆవిడ భర్త పోయినప్పుడు పదమూడు రోజులూ పక్కనుండి అన్నీ చేయించింది మీరే. అప్పుడు ఆవిడ నుదుటి బొట్టు తియ్యనివ్వనని పెద్దవాళ్ళతో పోట్లాడింది కూడా మీరే. ఆ మనిషి ఎక్కడికి పోయాడు?"

పంతులుగారు లేచాడు. ఎటు వెళ్తున్నాడో ఎవరికీ చెప్పలేదు. చెప్పులు కూడా వేసుకోలేదు.

మెట్ల మీద ఎవరో ఆరేసిన తడిబట్టల వాసన వేస్తోంది. రెండో అంతస్తు మలుపులో, కిటికీ కింద, చెల్లెలు మెట్టు మీద కూర్చుని ఉంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని, దాని పట్టీ వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ. అన్నగారి అడుగుల చప్పుడు వినబడ్డా తల తిప్పలేదు.

ఆయన ఒక మెట్టు పైన కూర్చున్నాడు. కింది ఇంట్లో కుక్కర్ కూత వేసింది.

"నాకు కుళ్ళే" అన్నాడు చివరికి. "అంతే. దానికి ఇంకో పేరు లేదు. నువ్వు చేయించిన పెళ్ళి చూశాను నేను. చివరి వరసలో కూర్చుని చూశాను."

"తెలుసు. కనబడ్డావు."

"నీకు కనబడ్డానా?"

"కనబడ్డాకే నా గొంతు వణికింది. అన్నయ్య వింటున్నాడు, తప్పు పోతే ఎలా అని."

పంతులుగారు చేత్తో మొహం రుద్దుకున్నాడు. "ఇందాక నేనన్న మాట... అది వెనక్కి తీసుకుంటే పోయేది కాదు. నాకు తెలుసు. అమ్మడు పెళ్ళి నువ్వే చేయించు. నీకు దణ్ణం పెడతాను. నాలుగో అడుగు అర్థం తెలియని పంతుల్ని నేను. నువ్వు చెప్తుంటే ఈసారి మొదటి వరసలో కూర్చుని వింటాను."

చెల్లెలు ఇప్పుడు తల తిప్పింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కానీ ఆ కళ్ళలో ఉన్నది కోపం కాదని ఆయనకి అప్పుడు అర్థమైంది.

"నువ్వన్న మాటకి నాకు కోపం రాలేదన్నయ్యా. భయం వేసింది. అందుకే జవాబు చెప్పలేక లేచొచ్చేశాను."

"భయమా? నేనంటేనా?"

"నేనివాళ వచ్చింది అమ్మడు పెళ్ళి కోసం ఒక్కటే కాదు. వదినకి కూడా చెప్పలేదు. ముందు నీకే చెప్దామని." ఆవిడ సంచీ పట్టీ వదిలేసింది. "నేను పెళ్ళి చేసుకుంటున్నాను."

పంతులుగారికి వినబడింది. కానీ మాటలు ఒకదాని పక్కన ఒకటి నిలబడటానికి కాస్త టైము పట్టింది.

"ఏంటీ?"

"పెళ్ళి. యాభై రెండేళ్లకి. నవ్వుతావా, తిడతావా నీ ఇష్టం. ఏడడుగులూ వెయ్యాలని ఉంది నాకు. ఒకసారి వేశాను, అప్పుడు చుట్టూ గోల. ఏం అంటున్నారో వినబడనే లేదు. ఈసారి విని వెయ్యాలి." సంచీ పక్కన పెట్టింది. "నా పెళ్ళికి నేనే మంత్రం చెప్పుకోలేను కదా. నువ్వు చేయించాలి. నువ్వు కాదంటే ఎవరి చేతా చేయించుకోను."

ఆయన నోరు తెరిచాడు. పౌరోహిత్యం చేసేవాళ్ళందరి మొహాలూ వరసగా కళ్ళ ముందు కదిలాయి. శిష్యుడు, శిష్యుడి మావగారు, పిలుపుల కోసం తనతో పోటీపడే నలుగురూ. వాళ్ళేమంటారో అక్షరం అక్షరం తెలుసు. ఇందాక సొంత చెల్లెల్ని తానే అన్నాడు కదా. దాంతోపాటే ఇంకో పోటు. ఇన్నాళ్ళూ తెలియనే తెలియని మగవాడెవడో ఈ పిచుక మనసులో చోటు సంపాదించుకుని కూర్చున్నాడు. తనకి మాట మాత్రం తెలియదు!

"ఎవరతను?" ఆ అడగడంలో కుళ్ళు ఉందని ఆయనకే తెలిసిపోయింది.

"ఆస్పత్రిలో మందుల గదిలో పనిచేసేవాడు. పూజలూ మంత్రాలూ అంటే పెద్ద నమ్మకం లేదు. నా కోసం ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద. అర్థం తెలియని మాట ఒక్కటి కూడా తను అననన్నాడు. ప్రతి అడుగుకీ ఆపి అడుగుతాడు. నన్ను కాదు, నిన్ను. నువ్వే చెప్పాలి."

"నేనా?"

"నువ్వే. అది నేర్చుకోవడానికి నీకు ఇరవై రోజులు టైముంది." ఆవిడ లేచి, మెట్ల రెయిలింగు పట్టుకుని కిందికి చూసింది. "అమ్మడు చూడకుండా కాస్త ఆగి వచ్చి కింద నిలబడ్డాడు. అన్నయ్య ఒప్పుకుంటే పిలుస్తాను, లేకపోతే నేనొక్కదాన్నే దిగొచ్చేస్తానని చెప్పి వచ్చాను. గంటన్నర అయింది పాపం."

పంతులుగారు కూడా లేచి వంగి చూశాడు. అంత ఎత్తునుంచి ఒక తెల్లటి తల, దాని పక్కన రెయిలింగు మీద ఆనించిన చెయ్యి మాత్రం కనబడ్డాయి. పైన ఏదో కదలిక తెలిసినట్టుంది, ఆ మనిషి తలెత్తాడు. ఎత్తి, చూపు దించకుండా అలాగే నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే పైనుంచి తలుపు చప్పుడు. "నాన్నా! అత్త వెళ్ళిపోయిందా? ఉందా?" కూతురి గొంతు. వెనకే పెళ్ళికొడుకు బూట్ల చప్పుడు, మెట్లు దిగుతూ.

చెల్లెలు అన్నగారి మొహంలోకి చూసింది.

"చెప్పన్నయ్యా. ఆయన్ని పైకి రమ్మననా?"